ముప్పై ఒకటో అధ్యాయంలో లోపం

వూచ్ నగరంలో, మూతపడ్డ నూలుమిల్లు మూడో అంతస్తులో
మా స్టూడియో.
ఇటుక గోడల్లో మగ్గాల మోత ఇంకా మిగిలుందని
లూత్సియాన్ అంటాడు. నాకు వినపడదు.
నాకు వినపడేవి ఊపిరులు.
వాటిని కత్తిరించడమే నా ఉద్యోగం.

పదకొండు వందల పేజీల మాయాలోకం.
బూడిద రాజూ అతనే, గొర్రెల కాపరి కొడుకూ అతనే,
మంత్రగత్తె, అలిగే కత్తి, ప్రయాణికుల్ని ప్రశ్నలడిగే వంతెన,
అన్నీ ఆ డెబ్బై రెండేళ్ళ గొంతే.
నడుమ నడుమ గోరువెచ్చని నీళ్ళు, లిండెన్ పూల తేనె.

మొదటివారం ప్రచురణ సంస్థ కుర్రాడు ఫోన్ చేసి
"రాజు గొంతులో ఇంకాస్త దుర్మార్గం కావాలి" అన్నాడు,
కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.
లూత్సియాన్ ఓసారి బొంగురుగా, పళ్ళు నూరుతూ చదివాడు.
తనకే నవ్వొచ్చింది.
మైకుకి దగ్గరగా జరిగి
పక్కింటాయన నిచ్చెన అడిగినంత మర్యాదగా చదివాడు మళ్ళీ:
"నీ ఊరిని నేను కాల్చను. నువ్వే కాలుస్తావు.
కూర్చో. టీ తాగు."

నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.
ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.
"ఎనభై రెండులో" అన్నాడు, "ఒక ఆఫీసులో.
టీ చాలా బాగుంది."
సంతకం పెట్టాడో లేదో నేనడగలేదు.
అతనూ చెప్పలేదు.

గొంతు పెగలనిది వీరుడి దగ్గర.
కాపరి కొడుకు కొండెక్కి కత్తి దూసేచోట
నాలుగుసార్లు ఆగాం, నాలుగుసార్లు మొదలెట్టాం.
ఆ సాయంత్రం తెర మీద రెండు అలల్ని
ఒకదాని కింద ఒకటి పరిచి చూశాను.
"ఒక్కణ్ణీ వదలొద్దు." రాజుది, తొంభయ్యో పేజీ.
"ఒక్కణ్ణీ వదలొద్దు." వీరుడిది.
వెంట్రుకవాసి తేడా లేదు.
వీడు మంచివాడని తెలిసేది
వెనకాల బాకాలూ వయొలిన్లూ కలిపాకే.
కలిపేది నేను.

ఇక ముప్పై ఒకటి. నది ఒడ్డున యుద్ధం.
రాజు సైన్యాన్ని బురదతో చేశారట, వాళ్ళకు తల్లుల్లేరు.
చదివేవాడి చెయ్యి వణకకుండా
రచయిత పడిన ముందుజాగ్రత్త.
మాటలు లేవు వాళ్ళకు. చావుకేకలు మాత్రం నలభై కావాలి.

"పేర్లేంటి?"
"పేర్లు లేవండీ. బురద."
"బురదైతే కేకెందుకు, బోగ్నా?"
కింద ట్రాము వెళ్తోంది.
అది మలుపు తిరిగేదాకా ఆగాం. అదే నా జవాబైంది.

తర్వాత అరిచాడు. నలభై.
ఒకటి తలుపు సందులో వేలు నలిగిన పిల్లాడిది.
ఒకటి సగంలో దగ్గయిపోయింది.
ఒకటి అసలు కేకే కాదు,
ఏదో మరిచి గుమ్మంలో నిలబడ్డవాడి "అరె" అంతే.
అయ్యాక కోటు తొడుక్కుని, టోపీ వెతుక్కుని,
రేపు తొమ్మిదికి వస్తానని వెళ్ళాడు.

రాత్రి కోతకి కూర్చున్నాను.
ప్రతి కేకకూ ముందు ఏదో చిన్న చప్పుడు, పెదవులు విడినట్టు.
పెంచి విన్నాను.
తదెక్. బ్రోనెక్. హెన్యో. గుచో.
ఇంకో ఫెలెక్, ఈసారి మరీ మెల్లగా.
ముప్పై తొమ్మిది వరుసగా, తడుముకోకుండా.
నలభయ్యో దగ్గర తడబడ్డాడు.
పేరు తెలియదు కాబోలు.
"టీ ఇచ్చినతను" అన్నాడు,
అని, అందరికంటే ఎక్కువసేపు అరిచాడు.

నిబంధన ప్రకారం ఊపిరితో సహా తీసెయ్యాలి.
తగ్గించాను. తియ్యలేదు.

పుస్తకం బయటికొచ్చి ఏడాదైంది.
పిల్లలు దుప్పట్లో దూరి వింటున్నారట,
కాపరి కొడుకు బొమ్మున్న చొక్కాలు అమ్ముతున్నారట.
మొన్న ఒక తండ్రి ఉత్తరం రాశాడు:
ముప్పై ఒకటో అధ్యాయంలో ఏవో గుసగుసలున్నాయి,
మా అమ్మాయి నిద్రపోవడం లేదు,
దయచేసి లోపం సరిచేయగలరు.

తప్పకుండా చూస్తామని జవాబిచ్చాను,
చాలా మర్యాదగా.